ప్రేగు క్షయ: తెమడ పరీక్షకు అందని వ్యాధి

క్షయ యనగానే మన గ్రామములలో ఎడతెగని దగ్గును, తెమడను, ఊపిరితిత్తులను తలచుకొందురు. అది సహజమే. మన దేశమున క్షయ సోకినవారిలో సుమారు ముప్పాతిక మందికి ఆ వ్యాధి ఊపిరితిత్తులలోనే యుండును. మిగిలినవారికి మెడ బిళ్ళలయందు, ఊపిరితిత్తుల పైపొరయందు, వెన్నెముకయందు, మెదడు పొరలయందు, ఉదరమునందు వచ్చును. ఉదరమున వచ్చు క్షయలో చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలియుచోట, అనగా పెద్దప్రేగు మొదటి భాగమునందు, స్థిరపడునది ఒకటి కలదు. దానినే వాడుకలో ప్రేగు క్షయ యందురు. ఇది తరచుగా కనబడు వ్యాధి కాదు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వైద్యుడు కొన్ని సంవత్సరములు పనిచేసినను ఇట్టి రోగులను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. అరుదైనది గనుకనే ఇది పలువురి దృష్టికి రాక, నెలల తరబడి "గ్యాసు" అను పేరుతో చెలామణి యగుచుండును.

పంచాయతీ సభ్యులకు ఈ వైద్య విషయముతో పనియేమి యని సందేహము కలుగవచ్చును. 2023 మార్చి 24వ తేదీన ప్రధానమంత్రి వారణాసియందు "క్షయరహిత పంచాయతీ" కార్యక్రమమును ప్రారంభించిరి. ఇందు గ్రామ జనాభాలో ప్రతి 1,000 మందికి కనీసము 30 మంది అనుమానితులను సంవత్సరమున పరీక్షింపించవలెను. నమోదైన క్షయ రోగుల సంఖ్య 1,000 మందికి ఒకటికి మించరాదు. ఈ నియమములను, వానితోపాటు చికిత్సకు, పోషణకు సంబంధించిన మరికొన్నింటిని నెరవేర్చిన పంచాయతీకి ధ్రువపత్రముతోపాటు గాంధీమహాత్ముని ప్రతిమ నిచ్చెదరు. కార్యక్రమము మంచిదే. అయితే గ్రామమున జరుగు పరీక్షలు ఎక్కువగా తెమడ పరీక్షలు, రొమ్ము ఎక్స్‌రేలు. ప్రేగు క్షయ గలవాడు దగ్గడు. తెమడ తెమ్మన్న తేలేడు. పేరు పట్టికలోనికి ఎక్కకపోవును. గ్రామమునకు ధ్రువపత్రము వచ్చును. రోగి మాత్రము చిక్కి శల్యమగుచుండును. తెమడ పరీక్షలో ఏమియు లేదని తేలినంతమాత్రమున క్షయ లేదని చెప్పరాదు. ఈ ఒక్క సంగతి సభ్యులకు తెలిసియున్నచో ఒక ప్రాణము నిలువవచ్చును.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్టు కోక్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు కనుగొని, 1882 మార్చి 24వ తేదీన బెర్లిన్ నగరమున ప్రకటించెను. ఊపిరితిత్తులను పాడుచేయునదియు, ప్రేగును పాడుచేయునదియు ఆ సూక్ష్మజీవియే. ఊపిరితిత్తుల క్షయ గలవాడు తెమడను ఉమ్మివేయక మ్రింగినచో అది కడుపులోనికి పోయి ప్రేగునకు అంటవచ్చును. ఎప్పుడో చిన్ననాట సోకి శరీరమున నిద్రాణమై యున్న క్రిమి రక్తము ద్వారమున ప్రేగునకు చేరవచ్చును. క్షయ గల పశువుల పచ్చిపాల వలనను రావచ్చును గాని, పాలు కాచి త్రాగు అలవాటు మన ఇండ్లలో గట్టిగా నున్నందున ఆ మార్గము మన దేశమున చాల స్వల్పము. కావున ప్రేగు క్షయ గల ప్రతివానికి ఊపిరితిత్తుల వ్యాధి కూడ ఉండితీరవలెనను నియమము లేదు. ఇట్టి రోగులలో సగముకంటె తక్కువమందికే రొమ్ము ఎక్స్‌రేలో క్షయ గుర్తులు కనబడును.

క్రిమి అన్ని చోట్లను విడిచి ఆ కూడలియందే ఎక్కువగా స్థిరపడుటకు కారణములు గలవు. బొడ్డునకు కుడివైపున, క్రిందిభాగమున, చిన్నప్రేగు పెద్దప్రేగులోనికి తెరచుకొనును. అచ్చట తలుపువంటి కవాటమొకటి యున్నది. దానివలన ఆహారసారము ఆ చోట కొంతసేపు నిలిచిపోవును. నిలిచిన నీటిలో నాచు పట్టినట్లు, క్రిమి గోడను పట్టుకొనుటకు అక్కడ వ్యవధి చిక్కును. అదియునుగాక రోగనిరోధక కణముల గుంపులు ఆ ప్రదేశమున మెండు. క్షయ క్రిమి ఆ కణములలోనే చొరబడి జీవించును. క్రమముగా ప్రేగు లోపలి గోడపై పుండ్లు పడును. ఈ పుండ్లు ప్రేగుచుట్టును ఒడ్డాణమువలె అడ్డముగా వ్యాపించును. అవి మానునప్పుడు మచ్చకట్టి, మూతి బిగించిన సంచివలె ప్రేగును ఇరుకు చేయును. మరికొందరిలో పుండుకంటె వాపు ఎక్కువై, గోడ మందమెక్కి, చేతికి గడ్డవలె తగులును.

రోగి చెప్పుకొను బాధలు ఇట్లుండును. కుడివైపు పొత్తికడుపున నొప్పి, అన్నము తిన్న గంట రెండు గంటలకు అది మెలిపెట్టినట్లు హెచ్చుట, సాయంకాలమునకు ఒళ్ళు వెచ్చబడుట, రాత్రి చెమటలు, ఆకలి చచ్చుట, కొన్నాళ్ళు విరేచనములు, కొన్నాళ్ళు మలబద్ధము. కడుపులో ఒక బంతి లేచి గుడగుడమని తిరిగి, ఎక్కడో జారి తగ్గిపోయినట్లుండుననియు, తగ్గినపిమ్మట హాయిగా నుండుననియు కొందరు చెప్పుదురు. పెద్దలు దీనిని వాయుగుల్మ మనుట కలదు. నిజమునకు అది ఇరుకైన ప్రేగుగుండ ఆహారమును నెట్టుటకు శరీరము పడు పెనుగులాట. అన్నింటికంటె ముఖ్యమైన గుర్తు బరువు తగ్గుట. పంచెముడి వదులగుచున్నదనియు, చొక్కా వ్రేలాడుచున్నదనియు ఇంటివారే చెప్పుదురు. నెలకు పైబడి కడుపునొప్పి, జ్వరము, బరువు తగ్గుట ఈ మూడును కూడియున్నచో ఆ మనిషిని గ్యాసు బిళ్ళలతో సరిపెట్టక వైద్యుని కడకు పంపవలెను. స్త్రీలలో ఈ బాధలను ముట్టునొప్పిగానో, రక్తహీనతగానో త్రోసిపుచ్చుట మరింత ఎక్కువ. వారి విషయమున ఆశా కార్యకర్త రెండు మారులు అడుగుట మంచిది.

ఇచ్చట మన గ్రామములలోని ఒక అలవాటును ప్రస్తావింపక తప్పదు. విరేచనములనగానే ఊరిలో వైద్యము చేయువారు ఆఫ్లాక్సాసిన్ వంటి మందు గల బిళ్ళలను ఇచ్చుట పరిపాటియైనది. ఈ జాతి మందులకు క్షయ క్రిమిని కొంతవరకు అణచు శక్తి కలదు. వ్యాధిని కుదుర్చజాలవు, కాని కొన్నాళ్ళు కప్పిపెట్టును. రోగికి వారము పది దినములు తేలికగా నుండును, మరల మొదలగును, మరల అవే బిళ్ళలు. ఈలోగా పరీక్షలకు దొరకవలసిన క్రిమి దొరకకపోవుటయు, ఆ మందునకు లొంగని క్రిమి పుట్టుటయు సంభవించును. స్టీరాయిడు సూదిమందులు ఇంకను ప్రమాదకరమైనవి. అవి జ్వరమును, నొప్పిని తగ్గించి ఆకలిని పుట్టించును గాన రోగికి ఆ వైద్యునిపై గురి కుదురును. లోపల మాత్రము రోగనిరోధక శక్తి సన్నగిల్లి క్షయ శరీరమంతట ప్రాకును. ఊరివైద్యుని తప్పుపట్టుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. అర్ధరాత్రి తలుపు తట్టిన పలుకువాడు అతడే. నెలదాటిన కడుపునొప్పిని తనవద్ద నుంచుకొనక పంపివేయుమని సర్పంచి ఒక మాట చెప్పిన అతడు వినును.

ఆరోగ్య కేంద్రమున మొదట జరుగు పరీక్షలు అనుమానమును బలపరచునవే గాని తీర్పు చెప్పునవి కావు. రక్తములో హీమోగ్లోబిను తక్కువగా, ఇ.ఎస్.ఆర్. ఎక్కువగా నుండవచ్చును, అవి అనేక వ్యాధులలో అట్లే యుండును. చేతిపై చర్మములో సూది వేసి చూచు మాంటూ పరీక్ష, క్రిమి ఎన్నడో ఒకప్పుడు శరీరమున ప్రవేశించినదా యను సంగతిని మాత్రమే తెలుపును. మన దేశమున పెద్దవారిలో చాలమందికి అట్టి ప్రవేశము జరిగియే యుండును గనుక, చేయి వాచినంతనే వ్యాధి కలదనరాదు. వాయనంతనే లేదనియు అనరాదు. రక్తములోని ప్రతిరక్షకములను చూచి క్షయను తేల్చెదమను పరీక్షలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వలదని చెప్పగా, భారత ప్రభుత్వము 2012లో వానిని నిషేధించినది. ఎవరైనను ఇట్టి పరీక్షకు సొమ్ము అడిగినచో ఈయవలసిన పని లేదు. తెమడ వచ్చువారికి తెమడ పరీక్ష, అందరికి రొమ్ము ఎక్స్‌రే, చక్కెర వ్యాధి, హెచ్.ఐ.వి. పరీక్షలు చేయించుట మాత్రము అవసరము. ఈ రెండు వ్యాధులును క్షయకు దారి తీయును.

పిమ్మట ఉదరమును అల్ట్రాసౌండు యంత్రముతో చూచెదరు. ప్రేగు గోడ మందము, దాని ప్రక్కన పెరిగిన బిళ్ళలు, ఉదరమున చేరిన నీరు దానికి తెలియును. నీరు చేరియున్నచో సూదితో కొంచెము తీసి అందలి అడినోసిన్ డియామినేసు అను పదార్థమును కొలిచెదరు. అది హెచ్చుగానున్న ఉదరపొర క్షయను గట్టిగా అనుమానింపవచ్చును. పూర్వము బేరియం త్రాగించి ఎక్స్‌రేలు తీయుట ఒక్కటే మార్గము. తేలనిచో కడుపు కోసి చూచెడివారు. ఇప్పుడు సి.టి. స్కానింగు ప్రేగు ఎచ్చట ఎంత ఇరుకైనదో విశదముగా చూపును. ఇవన్నియు చోటును చూపును గాని, అచ్చట నున్నది ఏ వ్యాధియో ఖాయముగా చెప్పలేవు. క్షయ, క్యాన్సరు, అమీబా గడ్డ, చీము పట్టిన అపెండిసైటిస్, క్రోన్స్ వ్యాధి, ఇవి యన్నియు కుడి పొత్తికడుపున ఒకే తీరు గడ్డను చూపగలవు.

తీర్పు చెప్పునది కొలనోస్కోపి. ఇది వైద్య కళాశాలలకు చెందిన పెద్ద ఆసుపత్రులలో ప్రేగు వైద్యులు చేయు పరీక్ష. వ్రేలి లావున మెత్తని గొట్టము. దాని కొసయందు దీపము, కెమెరా యుండును. మలద్వారము గుండ దానిని లోనికి పంపి పెద్దప్రేగు పొడవునను, చివరి కవాటము వరకును, వీలైన చిన్నప్రేగు చివరి భాగమును చూచెదరు. ఈ పేరు వినగానే మనవారు సిగ్గుచేతను భయముచేతను వెనుదీయుదురు. పరీక్షకు కోత లేదు. సాధారణముగా మత్తుమందు ఇచ్చి చేయుదురు. అసలు కష్టము ముందుదినమున ప్రేగును శుభ్రపరచుకొనుటయే. తేలికైన ఆహారము తిని, ఆసుపత్రివారిచ్చిన విరేచనకారి ద్రవమును లీటర్ల కొలది త్రాగవలెను. అయితే వాంతులు, కడుపుబ్బరము ఉండి, మలము గాని అపానవాయువు గాని వెడలని రోగికి ఈ ద్రవమును ఎంతమాత్రము పట్టరాదు. ప్రేగు మూసికొనిపోయినదన్నమాట. అట్టివానిని పరీక్షకు కాదు, శస్త్రవైద్యుని కడకు ఆ పూటనే చేర్చవలెను.

క్షయ పట్టిన ప్రేగునందు అడ్డముగా వ్యాపించిన పుండ్లు, చిన్న చిన్న బొడిపెలు, మూతపడక తెరచుకొనిపోయిన కవాటము కనబడును. కంటికి కనబడినంతమాత్రమున వైద్యుడు నిర్ణయింపడు. పుండు అంచులనుండియు, అడుగునుండియు చిన్న ముక్కలు తీయును. వీనిని తీయుటయే బయాప్సి. ఇది ప్రధానము. క్షయ కణముల గుంపులు పైపొరకు క్రిందుగా దాగియుండును గనుక ఒకటి రెండు ముక్కలు చాలవు. ఎనిమిది పది తీయుట మంచిది. ఆ ముక్కలను రెండు సీసాలలో వేయవలెను. ఒక సీసాలో ఫార్మలిను. దానిని సూక్ష్మదర్శినితో కణములను పరిశీలించువారికి పంపెదరు. రెండవదానిలో ఉప్పునీరు (సెలైను). దానిని క్రిమిని పెంచి చూచువారికి పంపెదరు. ఫార్మలిను తగిలిన క్రిమి చచ్చును. ముక్కలన్నింటిని ఒకే సీసాలో ఫార్మలినునందు వేసినచో, ఆ పిమ్మట క్రిమిని పెంచుటకు వీలుండదు. పరీక్ష మరల మొదటినుండి చేయవలసి వచ్చును. పెక్కు చోట్ల ఈ సీసాలను ప్రయోగశాలకు మోసికొనిపోవునది రోగి తమ్ముడో కొడుకో గనుక, సీసాలు రెండా, ఒకటియా యని అడుగుటకు వారికి తెలిసియుండుట మేలు.

సూక్ష్మదర్శినిలో జున్నువలె మెత్తబడిన నడిభాగము గల కణముల గుంపు కనబడినచో క్షయ యని దాదాపు నిశ్చయము. చాలమంది రోగులలో ఇది కనబడదు. ప్రేగు ముక్కలో క్రిములు బహు కొద్ది. తెమడలోనైనను మిల్లీలీటరునకు 5,000 నుండి 10,000 క్రిములున్నగాని రంగువేసి చూచు పరీక్షకు అందవు. సి.బి.నాట్ అను యంత్రము క్రిమి జన్యుపదార్థమును సుమారు రెండు గంటలలో వెదకి, రిఫాంపిసిన్ మందునకు అది లొంగునో లేదో కూడ చెప్పును. అది "ఉన్నది" అన్నచో నమ్మవచ్చును. "లేదు" అన్నచో నమ్ముటకు వీలులేదు. ప్రేగు క్షయలో అది పట్టుకొనునది సగముకంటె తక్కువమందినే. క్రిమిని పెంచు పరీక్షకు ద్రవ మాధ్యమమున ఆరు వారములవరకు పట్టును. అందుచేత ప్రేగు క్షయను ఏ ఒక్క కాగితమును చూచి తేల్చుటకు వీలుకాదు. బాధలు, స్కానింగు, కంటికి కనబడిన పుండ్లు, ముక్కల ఫలితములు వీనినన్నిటిని ఒకచోట పెట్టి వైద్యుడు నిర్ణయించును. పాత కాగితములను పారవేయక ఒక సంచిలో వరుసగా దాచియుంచుట రోగి చేయగల పెద్ద సహాయము.

ఇందులో వైద్యులనే తికమక పెట్టునది క్రోన్స్ వ్యాధి. 1932లో బరిల్ క్రోన్ అను అమెరికా వైద్యుడు తన సహచరులతో కలిసి దీనిని వర్ణించెను. ఇది క్రిమివలన వచ్చు అంటువ్యాధి కాదు. శరీరము తన ప్రేగుపై తానే తిరుగబడుటవలన కలుగునది. చోటు అదే, నొప్పి అదే, చిక్కిపోవుట అదే. పుండ్లు మాత్రము సాధారణముగా ప్రేగు పొడవునను కాలువలవలె నుండును. దీని చికిత్సలో స్టీరాయిడులు వాడుదురు. క్షయను క్రోన్స్ యనుకొని స్టీరాయిడులిచ్చిన క్షయ చెలరేగును. క్రోన్స్‌ను క్షయ యనుకొని మందులిచ్చిన నెలలు వృథాయగుటయే గాక ప్రేగు మరింత ఇరుకగును. ఎంత పరీక్షించినను తేలనప్పుడు మన దేశమున వైద్యులు క్షయ మందులను ముందుగా ఇచ్చి, రెండు మూడు నెలలకు మరల కొలనోస్కోపి చేసి చూచెదరు. పుండ్లు మానియున్నచో క్షయ. రోగికి ఒళ్ళు కొంచెము కుదుటపడినను పుండ్లు మానకున్నచో అది వేరు వ్యాధి యని, లేక మందునకు లొంగని క్షయ యని ఆలోచింపవలెను. రెండవ మారు పరీక్షకు పోవుటకు రోగులు ఇష్టపడరు. "బాగున్నాను గదా" యందురు. బాగుండుటకును, పుండు మానుటకును భేదమున్నది. ఆ భేదమును చూపునది ఆ రెండవ పరీక్షయే.

క్షయ మందులను ముక్క తీయకముందే మొదలుపెట్టుట మరియొక చిక్కు. కొన్ని వారములు మందు తిన్న పిమ్మట తీసిన ముక్కలో క్రిమి దొరకదు, కణముల గుంపులును చెదరిపోవును. రోగి ప్రాణాపాయ స్థితిలో నున్నప్పుడు తప్ప ముందు పరీక్ష, పిదప మందు అనునదే క్రమము.

నిర్ణయమైన తరువాతి సంగతి సులభము. మందునకు లొంగు ప్రేగు క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తక్కిన నాలుగు నెలలు మూడు మందులు. ఉదర క్షయకు ఆరు నెలలు చాలునా, ఏడాది కావలెనా యను ప్రశ్నకు మదరాసులోని క్షయ పరిశోధనా కేంద్రము రోగులపై పోల్చి చూచి ఆరు నెలలు చాలునని చూపినది. 1956లో మొదలై, రోగులను శానిటోరియములో నుంచక ఇంటివద్దనే మందులతో కుదుర్పవచ్చునని లోకమునకు తెలిపిన సంస్థ అదియే. మందులు ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. నిక్షయ్ పోషణ యోజన క్రింద పోషకాహారమునకు నెలకు 500 రూపాయలుగా నున్న సహాయమును 2024 నవంబరునుండి 1,000 రూపాయలు చేసిరి. ఇది ఊపిరితిత్తుల రోగులకే యని కొందరు పొరబడుచున్నారు. నమోదైన ప్రేగు క్షయ రోగికిని వర్తించును. ప్రైవేటు వైద్యుడు నిర్ణయించిన రోగిని కూడ నమోదు చేయవలెనని 2012 నుండియు నియమమున్నది.

మందు తినుచుండగా మూత్రము నారింజ రంగున వచ్చును. దానికి భయపడనవసరము లేదు. కండ్లు పచ్చబడినను, వాంతులు ఆగకున్నను వెంటనే వైద్యునకు చూపవలెను. పుండ్లు మానునప్పుడే ప్రేగు బిగియుట గలదని ముందు చెప్పితిమి. కావున చికిత్స సక్రమముగా జరుగుచుండగనే ఒకనాడు కడుపు ఉబ్బి మూసికొనిపోవచ్చును. మందు పనిచేయలేదని దానిని మానుట తగదు. శస్త్రవైద్యుడు ఇరుకైన భాగమును వెడల్పు చేయును, లేక తీసివేయును. మందులు యథాప్రకారము సాగును.

ప్రేగునందు మాత్రమే క్షయ గలవానివలన గాలిద్వారా ఇతరులకు అంటదు. అతనిని వేరుగ కూర్చుండబెట్టుట, కంచము వేరుచేయుట, కూలిపనికి పిలువకుండుట అకారణము. రోగి పేరును పంచాయతీ సమావేశమున చదువరాదు. ఆ సంగతి సర్పంచి, ఆరోగ్య కార్యకర్త, రోగి ఇంటివారు తెలిసికొనిన చాలును. సమావేశమున చర్చింపదగినవి వేరు గలవు: జిల్లా ఆసుపత్రికి పోవుటకు బండి ఖర్చు ఎవరిది, కూలి పోగొట్టుకొనిన దినములకు ఇంట గ్రాసమెట్లు, నిక్షయ్ మిత్రగా నిలిచి ఆరు నెలలు పోషకాహారపు బుట్ట నీయగలవారు ఊరిలో నెవరు. సంఖ్య 1,000కి ఒకటి దాటునను భయముతో రోగిని పట్టికకు దూరముగ నుంచిన పంచాయతీకి, ఆ ఏడు ధ్రువపత్రము దక్కినను, ఆ రోగికి మందులు గాని నెలకు రావలసిన 1,000 రూపాయలు గాని దక్కవు.

రోగిని నమోదు చేసినపిమ్మట ఆ ఇంటివారందరిని, ముఖ్యముగా పిల్లలను ముసలివారిని, దగ్గు కొరకు విచారించి రొమ్ము ఎక్స్‌రే తీయింపవలెను. ప్రేగు క్షయ గలవాడు ఇతరులకు అంటింపకపోవచ్చును గాని, అతనికి అంటించినవాడు ఆ ఇంటనే దగ్గుచు తిరుగుచుండవచ్చును.